నాచారంలో దొరికిన నిద్ర

నాచారం వెళ్ళొచ్చి ఎవరూ యాత్ర రాయరు. కాశీ వెళ్ళొస్తే రాస్తారు. కేదారం వెళ్ళొస్తే ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, ఫొటోలు చూపిస్తూ మరీ చెబుతారు. మందుల ఫ్యాక్టరీలు, ఇంజనీరింగు షెడ్లు, వాటి మధ్య ఇరుకు గల్లీలు ఉన్న నాచారానికి మనుషులు పని కోసం పోతారు, జీతం కోసం ఉంటారు. నేను మాత్రం ఒంటినొప్పులు మోసుకుని వెళ్ళి, నిద్ర వెతుక్కుని వచ్చాను. అందుకని రాస్తున్నాను. వెళ్ళనివాళ్ళు చదువుకోవచ్చు.

మాది గోదావరి ఒడ్డున కొవ్వూరు. కొన్నేళ్ళుగా నాకు ఒళ్ళంతా నొప్పి. ఇవాళ మెడ, రేపు తుంటి, ఎల్లుండి అరికాళ్ళు. చీర కుచ్చిళ్ళు దోపుకున్న చోట కూడా నొప్పే. రాత్రంతా మంచం మీదే ఉంటాను, తెల్లారి లేస్తే వరినాట్లు వేసి వచ్చినట్టుంటుంది. ఎన్ని పరీక్షలు చేసినా ఏమీ తేలలేదు. "అన్నీ నార్మలేనమ్మా!" అని డాక్టర్లు దీవించినట్టు చెప్పేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది, జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది. నా నొప్పికి నా మాట తప్ప వేరే సాక్షి లేదు. ఆ మాట విని విని మా ఇంట్లోవాళ్ళు విసిగిపోయారు.

మా ఆయన మంచివాడే. చిరాకు కూడా మెల్లగా పడతాడు. "హైదరాబాదు వెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించుకుని రా. ఇదే ఆఖరు. తగ్గిందా, సంతోషం. తగ్గలేదూ, ఇంక ఇంట్లో ఆ మాట ఎత్తకు. నేను వినలేను," అన్నాడు. మా అత్తగారు పక్కగదిలోంచి గట్టిగా దగ్గి తన ఓటు వేసింది. నేను సరేనన్నాను. అంటే, తగ్గించుకుని రావాలి, లేకపోతే నోరు మూసుకుని రావాలి. రైలెక్కినప్పుడు బట్టల సంచి కంటే ఆ ఒప్పందమే బరువుగా ఉంది.

సికింద్రాబాదు నుంచి

ఇది తెలంగాణ రాకముందు సంగతి. ఉప్పల్ మీదుగా అప్పటికింకా మెట్రో లేదు. రైలు దిగి సిటీ బస్సెక్కాను. ఆ బస్సుల్లో ముందు తలుపు ఆడవాళ్ళది, వెనక తలుపు మగవాళ్ళది. మా వైపు ఒకటే తలుపు, అందరం ఒకరినొకరం తిట్టుకుంటూ ఎక్కుతాం. ఇక్కడ ఎవరి తిట్లు వాళ్ళ సగంలోనే.

సీటు లేదు. పైన కడ్డీ పట్టుకుందామంటే నా చెయ్యి భుజం దాటి లేవదు. నీలం రంగు కంపెనీ కోటు వేసుకున్న ఒకమ్మాయి అది చూసింది.

"ఏమైందాంటీ, చెయ్యి లేస్తలేదా? జర కూసోండ్రి."

"పర్లేదమ్మా, నువ్వు కూర్చో."

"డ్యూటీల ఎట్లాగు నిలవడుడే గదా. గిప్పట్నుంచే అలవాటు జేసుకుంట," అని నవ్వుతూ లేచింది.

లేచి, కడ్డీకి నుదురు ఆనించి, నిలబడే నిద్రపోయింది! బస్సు గోతుల్లో ఎగిరిపడినా కళ్ళు తెరవలేదు. తార్నాక దాటేవరకూ ఆ పిల్లనే చూస్తూ కూర్చున్నాను. నగలు చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారు, చీరలు చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారు. నేను నిద్రను చూసి కుళ్ళుకుంటాను.

కరుణక్క ఇల్లు

నాచారంలో నాకు ఆతిథ్యమిచ్చింది కరుణక్క. వాళ్ళది జనగామ దగ్గర పల్లె. ఒకప్పుడు భర్త ఉద్యోగం కోసం మా ఊరొచ్చి, కొన్నాళ్ళు మా పక్కవాటాలో ఉన్నారు. ఇప్పుడాయన నాచారంలో ఒక మిషన్ల షెడ్డులో పనిచేస్తున్నాడు. బస్టాపులో నన్ను చూడగానే కరుణక్క నోటిమీద చెయ్యేసుకుంది.

"ఏంది చెల్లె, గింత బక్కగయినవ్! మీ గోదావరోళ్ళు తిండి పెడతలేరా ఏంది?"

"పెడుతున్నారక్కా. నొప్పి తింటోంది దాన్ని."

"ఫికర్ జేయకు. నా తాన్కి వచ్చినవ్ గదా," అని సంచి లాక్కుంది.

ఆ పూట అన్నంలోకి పచ్చిపులుసు పోసింది. మేం పులుసంటే కాచి, మరిగించి, బెల్లం ముక్క వేసి, ఇల్లంతా వాసన వచ్చాకగాని దించం. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి వేస్తే అయిపోయింది. మొదటి ముద్దకి మొహం చిట్లించాను, రెండోసారి నేనే గరిటె అందుకున్నాను. ఇంటికొచ్చి చేసి పెడితే మా అత్తగారు "పొయ్యి వెలిగించడానికి బద్ధకమా?" అంది.

తెల్లవారుజామున మేడమీద నిలబడితే నాచారం కలలో ఊరులా ఉండేది. మంచో పొగో తెలియని తెలుపు. ఎక్కడినుంచో మందుల వాసన, తియ్యగా, ముక్కుకి మత్తెక్కించేలా. సైరన్ కూయగానే ఆ తెలుపులోంచి మోటారుసైకిళ్ళు, టిఫిను డబ్బాలు, సగం తడిసిన జడలు ఒక్కొక్కటే బయటికొచ్చేవి. నిద్రపట్టని మనిషికి తెల్లవారుజాములే సొంత ఆస్తి. నాకు అవి బోలెడున్నాయి.

హబ్సిగూడ

డాక్టరు నా ఈడు ఆడమనిషి. తెచ్చిన కాగితాల కట్టను పక్కన పెట్టేసి, నా వెనక నిలబడి, బొటనవేలితో మెడ కింద నొక్కింది. తర్వాత భుజం మీద, మోచేతి లోపల, తుంటి మీద. నేను నోరు విప్పలేదు. అయినా ఆమె వేలు నొప్పి ఉన్న చోటికే వెళ్ళింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. నొప్పికి కాదు, దొరికిపోయినందుకు.

"ఫైబ్రోమయాల్జియా అంటారు. ఇది మీ ఊహ కాదు. చిన్న తాకిడి కూడా మీ ఒంటికి పెద్ద నొప్పిగా తెలుస్తోంది," అంది.

ఆ పేరు నాలుగుసార్లు పలికించుకుని నేర్చుకున్నాను. కొడుకు పుట్టినప్పుడు కూడా పేరు విని అంత సంబరపడలేదు. మాత్రలు రాసింది, రోజూ కాస్త నడవమంది, నిద్ర ఎలాగైనా బాగుచేసుకోవాలంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను.

"పూర్తిగా పోతుందా అండీ?"

"పోతుందని మాట ఇవ్వలేను. తగ్గే రోజులుంటాయి, పెరిగే రోజులుంటాయి."

సంబరం మెట్ల మీదే ఆగిపోయింది. నొప్పి నిజమని తేలింది, పోదని కూడా తేలింది. ఇంక ఒప్పందం ప్రకారం దాన్ని నోట్లోనే దాచుకుని బతకాలి.

చెంగిచెర్ల, పొరపాటున

ఉప్పల్ చౌరస్తాలో ఇరానీ చాయ్ తాగకుండా రావద్దని కరుణక్క ఆర్డరు. తాగాను. మేం టీలో పాలు పోస్తాం, వాళ్ళు పాలల్లో టీ తడుపుతారు. చక్కెర సంగతి అడగకండి. బిస్కెట్టు ముంచి పైకి తీసేలోగా సగం కప్పులోనే ఉండిపోయింది. వేలితో తీసుకుని తిన్నాను, అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు ఎవరున్నారు గనక!

ఈ జబ్బుకి ఇంకో గుణముంది, బుర్రలోకి కూడా మంచు దిగుతుంది. ఆ మంచులో ఏదో బస్సెక్కి కూర్చున్నాను. కండక్టరు భుజం తట్టి "లాస్టు స్టాపమ్మా, దిగుండ్రి" అంటే చుట్టూ చూశాను. నాచారం కాదు. చెంగిచెర్లట. ఊరు అయిపోయి, కొత్త కాలనీలు ఇంకా మొదలు కాని చోటు. ఎర్రమట్టి మీద ప్లాట్ల హద్దురాళ్ళు, వాటి మధ్య మేకలు, దూరంగా ఒంటరిగా లేచిన ఒక మూడంతస్తుల ఇల్లు.

సీతాఫలాల బుట్ట ముందు ఒక పెద్దామె కూర్చునుంది. వాలకం చూసే తప్పిపోయానని కనిపెట్టింది.

"ఏడికి పోవాల్నమ్మా?"

"నాచారం."

"గదే బస్సు మల్ల పోతది, తీ. కూసో. పండు తిను."

డజను ఇరవై అంది. మా ఊళ్ళో అయితే బేరమాడేదాన్ని, ఆ పూట నోరు రాలేదు. బాగా పండింది ఏరి నా చేతిలో విప్పింది. ఇద్దరం గింజలు ఊస్తూ కూర్చున్నాం. సాయంత్రపు ఎండ మోకాళ్ళ మీద వెచ్చగా పడుతోంది. ఆమె నన్నేమీ అడగలేదు. నాకూ ఏమీ చెప్పాలనిపించలేదు. బస్సు కదలకపోతే బాగుండునని మాత్రం అనిపించింది.

శుక్రవారం

పూర్తిగా పోదని డాక్టరు చెప్పిందనగానే కరుణక్క చేతులు దులిపేసింది. "డాక్టర్లకేం దెలుసు! శుక్రవారం మా ఉపవాస ప్రార్థనకు రా."

నేను గుళ్ళకు పోయే మనిషిని. కానీ నొప్పి ఉన్నవాళ్ళకి గుమ్మాల పట్టింపు ఉండదు. వెళ్ళాను.

అది ఫ్యాక్టరీల గల్లీ చివర రేకుల షెడ్డు. పాస్టరు గారు శుక్రవారం డ్యూటీకి పోతారు, సభ నడిపేది ఆయన భార్య. అందరూ పాస్టరమ్మ అంటారు. తెల్లచీర, గట్టి గొంతు, పెద్ద నవ్వు. ఆడవాళ్ళంతా జంపఖానాల మీద కొంగు తలమీద కప్పుకుని కూర్చున్నారు. డోలక్ మొదలైంది. మేం గుళ్ళో దణ్ణం పెట్టుకుంటే పక్కవాళ్ళకి కూడా వినిపించదు. ఇక్కడ అందరూ ఒక్కసారే, ఎవరి కష్టం వాళ్ళు, పైకి, గట్టిగా చెప్పుకుంటారు. ఒకామె కొడుకు తాగుడు గురించి, ఒకామె ఇంటద్దె గురించి. అన్ని గొంతులూ కలిసిపోయి చివరికి మాటలు పోయి హోరు మాత్రం మిగిలింది. గోడ అవతల షెడ్డులో మిషను కూడా అదే శ్రుతిలో తిరుగుతోంది.

నడుము నిలవక, వెనక గోడ పక్కన కాసేపు ఒరిగాను. రేకుల కింద వెచ్చగా ఉంది. హోరు దగ్గరికొచ్చింది, దూరం పోయింది. ఎవరో నీళ్ళలో నన్ను వెల్లకిలా వదిలేసినట్టనిపించింది. అంతవరకే గుర్తు.

కళ్ళు తెరిచేసరికి రేకుల సందుల్లో వెలుతురు ఎర్రబడింది. నా మీద ఎవరిదో శాలువా ఉంది. చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, చప్పట్లు కూడా కొట్టకుండా, గొంతు తగ్గించి పాడుతున్నారు. మూలన అన్నం గిన్నెలు మూతలు తియ్యకుండా అలాగే ఉన్నాయి. మధ్యాహ్నానికే ప్రార్థన ముగిసి అందరూ భోంచెయ్యాల్సింది. కంచాల చప్పుడుకి నేను లేస్తానని ఎవ్వరూ తినలేదట!

జరిగిందేమిటంటే, ప్రార్థన మధ్యలో పడిపోయిన మనిషిని దేవుడు ముట్టినట్టు లెక్క వాళ్ళకి. నేను నిద్రపోయానని ఎవరూ అనుకోలేదు, నాకు స్వస్థత జరుగుతోందనుకున్నారు.

"లేసినవా బిడ్డా?" పాస్టరమ్మ మొహం వెలిగిపోతోంది. "లే. సాక్ష్యం జెప్పు. నీ నొప్పి వోయిందని నోటితోని జెప్పు."

స్వస్థత పొందినవాళ్ళు లేచి అందరి ముందూ చెప్పడం వాళ్ళ ఆచారం. చెబితే ఇంక అది ఖాయం. ఆ తర్వాత ఆ నొప్పి మాట ఎత్తితే, విశ్వాసం లేనట్టు.

లేచి నిలబడ్డాను. ఒళ్ళు తేలిగ్గా ఉంది, అబద్ధం చెప్పను. ఒక్క క్షణం నిజంగానే పోయిందనుకున్నాను. అంతలో ఎడమ భుజంలో అలవాటైన సలుపు మొదలైంది, తర్వాత మెడలో. ఎదురుగా ఆకలితో వాడిపోయిన మొహాలు. "పోయింది" అని ఒక్క మాటంటే గిన్నెల మూతలు లేస్తాయి, మా ఇంట్లో సంతోషిస్తారు. ఇంక జన్మలో నొప్పి అనే హక్కు మాత్రం నాకుండదు.

"చాలా ఏళ్ళ తర్వాత ఇంత హాయిగా నిద్రపోయాను. మీరంతా ఆకలితో కాపలా కాశారు. మా అమ్మ పోయాక నాకోసం ఎవరూ ఇలా కూర్చోలేదు. కానీ నొప్పి ఉందండీ. పోలేదు," అన్నాను.

డోలక్ వాయించే ఆమె తల దించుకుంది. పాస్టరమ్మ నావైపు చాలాసేపు చూసింది. "స్తోత్రం. తిందాం, పాండ్రి," అని మెల్లగా గిన్నెల వైపు నడిచింది.

దారిపొడుగునా కరుణక్క నాకు పదడుగులు ముందే నడిచింది. గేటు దగ్గర ఆగి పేలింది. "ఒక్క మాట జెప్తే నీదేం బోయేది? నువ్వు లేవకముందే మీ ఆయనకు గూడ ఫోన్ జేసి జెప్పిన, తగ్గిందని!"

అప్పుడే నా ఫోను మోగింది. "తగ్గిందటగా! అమ్మ అప్పుడే కొబ్బరికాయ కొట్టేసింది," అంటున్నాడు మా ఆయన. ఆ గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్ళయిందో. "వచ్చాక మాట్లాడదామండీ," అని పెట్టేశాను. ఆడవాళ్ళందరి ముందూ చెప్పగలిగిన మాట అతనొక్కడికి చెప్పలేకపోయాను.

బందు

మర్నాడు బయల్దేరాల్సింది, తెలంగాణ బందు వచ్చిపడింది. బస్సుల్లేవు, రైళ్ళూ ఆగిపోయాయి. "బంద్ వెట్టింది మీ ఆంధ్రోళ్ళ మీదనే. ఇరుక్కుంది గూడ నువ్వే," అని కింది వాటావాళ్ళు నవ్వి, నాకోసం మక్కగారెలు పంపారు. మొక్కజొన్న గారెలు నేను మొదటిసారి తినడం. తిట్టుకునేవాళ్ళు ఇంత రుచిగా వండరు. బందు ఒకరోజుతో ఆగలేదు, పొడిగిస్తూ పోయారు. ఫ్యాక్టరీలు మూతపడి, నాచారం గాలి మొదటిసారి వాసన లేకుండా వీచింది. నేను గల్లీలో డాక్టరు చెప్పిన నడక నడిచాను.

ఒక సాయంత్రం పాస్టరమ్మ వచ్చింది, టిఫిను డబ్బాలో సర్వపిండి, అదే, పల్లీలు వేసి కాల్చిన బియ్యప్పిండి రొట్టె, పెట్టుకుని. నేను మేడమెట్ల పైన కూర్చుని ఉన్నాను. ఆమె గోడ పట్టుకుని, ఒక మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, ఆగి, మళ్ళీ ఇంకో మెట్టు. నొప్పిని పైకి తెలియనివ్వకుండా ఎక్కడం ఎలాగో నాకు బాగా తెలుసు.

"మోకాళ్ళా అమ్మగారూ?" అన్నాను.

ఆమె లోపలి గది వైపు చూసింది. కరుణక్క వంటింట్లో ఉంది. నా పక్కన మెల్లగా కూర్చుంది.

"నేను గూడ సాక్ష్యం జెప్పిన బిడ్డా. పెద్ద మీటింగుల, మైకు వట్టుకొని. అబద్ధం గాదు. నిజంగనే నొప్పి వోయింది, ఆర్నెల్లు. మల్లొచ్చింది. అప్పటికి అందరు నా సాక్ష్యమే జెప్పుకుంటున్నరు. మల్లొచ్చిందని ఎవలకు జెప్పాలె? నా దేవునికి చెడ్డపేరు రాదా?"

"పాస్టరు గారికి?"

"ఆయనకు గూడ జెప్పలే. గదో, ఏండ్లు గడిచినయ్. ప్రతి శుక్రవారం మోకాళ్ళూని నేనే ముందుగాల ప్రార్థన జేస్తా. లేసేటప్పుడు పానం వోతది. పాట గట్టిగ అందుకుంట, మూలుగు వినవడకుండ." నావైపు తిరిగింది. "మొన్న నువ్వు లేచి నొప్పున్నదని జెప్పినవ్ గదా. నాకు కోపం రాలే. కుళ్ళు వచ్చింది."

ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను. చీర మీంచే వాపు తెలిసింది. ఇద్దరం అలా కూర్చుని సర్వపిండి విరుచుకుని తిన్నాం. బందు సాయంత్రం, గల్లీలో ఒక్క బండి లేదు. చీకటి పడుతున్నా దీపం వెయ్యమని ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

రెండో శుక్రవారం

ఫ్యాక్టరీలు మళ్ళీ తెరిచారు, శనివారం నుంచి రైళ్ళు కూడా తిరుగుతాయన్నారు. శుక్రవారం మళ్ళీ రేకుల షెడ్డుకి వెళ్ళాను, ఈసారి ఎవరూ పిలవకుండానే. పాటలయ్యాయి. మోకరించే వేళయింది. అందరూ పాస్టరమ్మ కోసం చూస్తున్నారు, ముందు ఆమె వంగాలి. ఆమె వంగలేదు.

"నాకు మోకాళ్ళు నొస్తున్నయి," అంది. "తగ్గినయని జెప్పిన, నిజమే. మల్లొచ్చినయి, గది గూడ నిజమే. నేనిగ వంగలేనమ్మా. దేవుడు నామీద కోపం జెయ్యడు. మీరు గూడ జెయ్యకుండ్రి."

గోడ అవతలి మిషను ఒక్కటే వినిపిస్తోంది. నా పక్కనుంచి కరుణక్క లేచింది. వారమంతా నాతో ముక్తసరిగా మాట్లాడిన కరుణక్క, కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తి, పక్కింట్లోంచి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకొచ్చి, కొంగుతో దుమ్ము దులిపి వేసింది. పాస్టరమ్మ కూర్చుంది. కళ్ళు మూసుకుంది. అందరూ మోకరించారు, ఒక ముసలామె మాత్రం గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుంది. అంత మెల్లటి ప్రార్థన నేను అక్కడ వినలేదు.

బయటికొచ్చి బస్టాపు అరుగు మీద కూర్చుని మా ఆయనకి ఫోను చేశాను. పాస్టరమ్మ సంగతంతా చెప్పాను, మైకు పట్టుకోవడం దగ్గర్నుంచి ఎర్ర కుర్చీ దాకా. మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు.

"అన్నేళ్ళు ఎవరికీ చెప్పకుండానే ఉందా?" అన్నాడు చివరికి.

"చెప్పకుండానే. నాకు అలా ఉండడం చేతకాదండీ. నాకు తగ్గలేదు. మీకు కోపమొచ్చినా సరే."

ఫోను కట్టయిందేమోనని చెవి మార్చుకున్నాను.

"కోపం కాదే," అన్నాడు. "నువ్వు నొప్పంటే నేనేదో చెయ్యాలి, ఏమీ చెయ్యలేను. అందుకే వినలేనన్నాను. సరే, ఇప్పుడు ఎక్కడ నొస్తోంది, చెప్పు."

తగ్గిందా అని వందసార్లు అడిగాడు గానీ, ఇన్నేళ్ళలో ఎక్కడ అని అడగడం అదే మొదలు. మెడ దగ్గర మొదలుపెట్టాను. ఫోనులో డబ్బులు అయిపోయేసరికి ఇంకా తుంటి దాకానే వచ్చాను.